రంగయ్య, గోవిందు: కెమెరా లేని కాలంలో దగ్గరచూపు



ఈసారి రంగయ్య, గోవిందు అనే ఇద్దరి గురించి రాస్తున్నాను. ఇద్దరూ పూలు గీసినవాళ్ళు. పూలంటే దేవుడి పటం చుట్టూ వేసే దండ కాదు. చేనుగట్టు మీది చిన్న పువ్వును తెచ్చి, రేకులు విప్పి, లోపల కేసరాలు ఎన్ని ఉన్నాయి, గింజ ఏ గదిలో ఎలా కూర్చుంది అనేది పదింతలు పెంచి కాగితం మీద పెట్టడం. మన పిల్లలు ఇప్పుడు ఫోనుకు చిన్న లెన్సు తగిలించి 'మాక్రో' అంటున్నారే, ఆ పనిని దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట తంజావూరు సీమలో కుంచెతో చేసినవాళ్ళు వీళ్ళు.

రిటైరయ్యాక నాకూ ఈ పిచ్చి పట్టింది. ఇంటి వెనక తుమ్మి మొక్క ఉంది, తమిళంలో తుంబై అంటారు. దాని తెల్లటి పువ్వు వడ్లగింజకన్నా కొంచెమే పెద్దది. లెన్సు పెట్టి చూస్తే పై పెదవి మీద నూగు, కింది పెదవి మీద వచ్చి వాలిన చీమ కాలి ముళ్ళు కూడా కనిపిస్తాయి. కష్టం ఏమిటంటే, అంత దగ్గరగా వెళ్ళినప్పుడు ఒక మిల్లీమీటరు మేరకే స్పష్టంగా పడుతుంది. చీమ కన్ను స్పష్టంగా ఉంటే తోక మసక. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్ళు ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ముప్పై ఫోటోలు తీసి, కంప్యూటరులో ఒకటిగా కుడతారు. ఫోకస్ స్టాకింగ్ అంటారు దాన్ని.

చిత్రకారుడికి ఆ బాధ లేదు. వాడు ముందు కొమ్మను చూస్తాడు, తర్వాత ఆకు, తర్వాత కేసరం. ఒక్కొక్కదాన్నీ స్పష్టంగా చూసి అన్నీ ఒకే కాగితం మీద స్పష్టంగా పెడతాడు. స్టాకింగ్ వాడి కంట్లోనే జరిగిపోతుంది. ఈ సంగతి తెలిశాకే నాకు పాత బొమ్మల మీద గౌరవం పెరిగింది.

మన దేశంలో ఈ కథ మొదలైన చోట్లలో సామర్లకోట ఒకటి. కాకినాడకు లైను విడిపోయే ఆ జంక్షను రైల్వేవాళ్ళకు బాగా తెలుసు. అక్కడ 1781 నుంచి 1793 దాకా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ ఉన్నాడు. తోట వేశాడు, స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకున్నాడు. పురుగులనూ వదల్లేదు. 1789 నవంబరు 20న కొండల నుంచి వెలతురు చెట్టు పుల్లలు తెచ్చి ఇచ్చారు, వాటికి లక్క అంటుకుని ఉంది. వెడల్పు మూతి గాజు సీసాల్లో పెట్టి, పైన కొంచెం కప్పి, రోజూ చూశాడు. డిసెంబరు 4న, పద్నాలుగో రోజు, కంటికి ఆనీ ఆనని పిల్ల పురుగులు లెక్కలేనన్ని బయటికి పాకాయి. ఆ లక్కపురుగు వివరమంతా రాసి లండను పంపితే 1791లో రాయల్ సొసైటీ వాళ్ళ సంపుటిలో అచ్చయింది. ఇప్పటి మాక్రోవాళ్ళు గొంగళిపురుగును సీసాలో పెట్టి సీతాకోకచిలుక వచ్చేదాకా కాపు కాసే పని, సరిగ్గా ఇదే.

ఆ చిత్రకారులు గీసిన బొమ్మల్లోంచి ఏరిన 300 పటాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పెద్ద పుస్తకం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండనులో వచ్చింది. మొక్కలకు తెలుగు పేర్లు రాసిపెట్టడంలో రాక్స్‌బర్గ్ చాలా శ్రద్ధ చూపాడు. సోమిద చెట్టు శాస్త్రనామం 'సోయ్‌మిడా'లో ఉన్నది మన మాటే. తంబుగ చెట్టు శాస్త్రనామంలో 'టుంబుగ్గాయియా' అని ఈనాటికీ ఉంది. కానీ గీసినవాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. రైల్వే రసీదులో సరుకు పంపినవాడి పేరు ఉంటుంది, అందుకునేవాడి పేరు ఉంటుంది. మూట మోసినవాడి పేరు ఉండదు. అట్లాగే.

పేరు దక్కింది తర్వాతి తరానికి, అదీ మన తమిళనాడులో. రాబర్ట్ వైట్ అనే స్కాట్లండు డాక్టరు 1819లో మదరాసు వచ్చాడు. 1826లో అతన్ని ప్రభుత్వ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వేశారు. రెండేళ్ళకే ఖర్చు దండగని ఆ పోస్టును ఎత్తేశారు. (పోస్టు ఎత్తేయడమనేది మన కాలంలో పుట్టిన జబ్బు కాదన్నమాట.) వైట్‌ను నాగపట్టణం ఆసుపత్రి పనికి పంపారు. అయినా అతను మొక్కలను వదల్లేదు, తన దగ్గర గీసే రంగయ్యను కూడా వదల్లేదు. రంగయ్య బొమ్మలు గ్లాస్గోలో ప్రొఫెసరుగా ఉన్న విలియం హుకర్‌కు ఓడలో వెళ్ళాయి, అక్కడ అచ్చయ్యాయి.

1838లో వైట్ మదరాసులోనే సొంతంగా 'ఐకోనెస్' అనే బొమ్మల పుస్తకం మొదలుపెట్టాడు. 1853కి ఆరు సంపుటాలు, 2101 పటాలు. రంగులు లేవు, రాతి అచ్చు గీతలు. రంగులు వేసిన పుస్తకాలు వేరే ఉన్నాయి, నీలగిరి మొక్కల మీద ఒకటి కూడా. 1840ల నడుమ దాకా ప్రధానంగా రంగయ్య చెయ్యి, ఆ తర్వాత గోవిందు చెయ్యి. పటాల అడుగున సన్నని అక్షరాల్లో 'రుంగియా డెల్.' అనీ 'గోవిందూ డెల్.' అనీ ఉంటుంది. డెల్ అంటే లాటిన్‌లో 'గీసినది' అని. కోయంబత్తూరు బంధువులకు ఒక మాట: ఈ పనిలో చివరి పదేళ్ళూ వైట్ మీ ఊళ్ళోనే పత్తి సాగు ప్రయోగాలు చూస్తూ ఉన్నాడు.

వీళ్ళు తెలుగువాళ్ళని ఎట్లా అంటున్నావని అడుగుతారు. నేను చదివింది తమిళ మీడియంలో, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. అందువల్ల పేరు చివర ఏముందో ముందు చెవికి తగులుతుంది. తమిళంలో అయితే రంగన్, గోవిందన్. '-అయ్య', '-ఉ' కలిస్తే మన ఇంటి వాసన. ఒక్క పేరుతో తీర్పు చెప్పకూడదు, నిజమే. కానీ తంజావూరు పటాలు వేసిన చేతులు ఎవరివి? ఎక్కువగా తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలవి. నాయకుల కాలం నుంచి ఉన్నవాళ్ళు, మరాఠా దర్బారులోనూ పని చేసినవాళ్ళు. 1832 దాకా పాలించిన శరభోజి మహారాజుకు కూడా మొక్కల, జంతువుల బొమ్మలు వేయించే సరదా ఉండేది, సరస్వతీ మహల్‌లో అవి ఉన్నాయి. బంగారు రేకు అతికి, వెన్నముద్ద కృష్ణుడి చెంప నునుపు తేల్చే చెయ్యి పువ్వు గర్భాన్ని గీయడం నేర్చుకుంది. ఆ మలుపు చిన్నది కాదు. దేవుడి పటంలో రేకులు ఆరైనా ఏడైనా అడిగేవాడు లేడు. ఇక్కడ అయిదు రేకులకు ఆరు గీస్తే మొక్క కులమే మారిపోతుంది.

అప్పుడే కెమెరా కూడా పుట్టింది. ఐకోనెస్ మొదలైన మరుసటి ఏడే, 1839లో, డాగెర్, టాల్బట్ తమ పద్ధతులు లోకానికి చెప్పారు. టాల్బట్ అయితే సూక్ష్మదర్శిని వెలుగులో పురుగు రెక్కల ఫోటో కూడా తీశాడు. మాక్రో వంశానికి అతన్ని తాతగారు అనవచ్చు. మదరాసులో ఫోటోగ్రఫీ సంఘం 1856లో వచ్చింది. లినేయస్ ట్రైప్ 1858లో తంజావూరు పెద్ద గుడిని ఫోటోలు తీశాడు. గుడి కదలదు కాబట్టి సరిపోయింది. గాలికి ఊగే పువ్వు ఆనాటి కెమెరా ముందు నిలబడుతుందా? అందుకే కెమెరా వచ్చిన చాలా కాలానికి కూడా చిత్రకారుడికి పని పోలేదు. ఈరోజు కూడా కొత్త మొక్కను లోకానికి ప్రకటించేటప్పుడు ఫోటోతో పాటు గీత బొమ్మ వేయించేవాళ్ళు ఉన్నారు.

ఇక నా బాధ ఒకటి ఉంది. మనవాళ్ళు పెట్టే ఫోటోలు అందంగానే ఉంటున్నాయి. కన్ను చెమ్మగిల్లేంత అందం. కానీ మూలన తీసినవాడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పువ్వు పేరు ఉండదు. అడిగితే 'వైల్డ్ ఫ్లవర్' అంటారు. సామర్లకోటలో మొక్క పేరు మిగిలి మనిషి పేరు పోయింది. మన దగ్గర మనిషి పేరు మిగిలి మొక్క పేరు పోతోంది. ఉత్తరేణి, పల్లేరు, నేలవుసిరి, తుమ్మి అని మన పెద్దవాళ్ళు అనేవారు. మన పిల్లలు బళ్ళో నాయురువి, నెరింజి అని నేర్చుకున్నా సంతోషమే, అదీ మన ఊరి భాషే. రెండూ లేకుండా పోవడమే నాకు మింగుడుపడటం లేదు. అందుచేత ఫోటో పెట్టేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పేరు రాయండి. ఒక ఇంట్లో ఒక పేరు, ఇంకో ఇంట్లో ఇంకో పేరు అయితే రెండూ రాయండి. పూర్తి మొక్కది ఒకటి, ఆకు అడుగుది ఒకటి, పువ్వు లోపలిది ఒకటి తీయండి. రంగయ్య ఒకే కాగితం మీద పెట్టింది ఇవే.

గోవిందుకు వైట్ ఇచ్చిన బహుమానం సంగతి చెప్పాలి. ఐకోనెస్ ఆరవ సంపుటి చివర ఒక నేల ఆర్కిడ్‌కు 'గోవిందూయియా' అని కొత్త ప్రజాతి పేరు పెట్టాడు. అయితే ఆ మొక్క 1833లోనే లిండ్లీ అనే ఆయన పెట్టిన 'ట్రోపిడియా'లోకి వస్తుందని తర్వాత తేల్చారు. ముందు పెట్టిన పేరే చెల్లాలని వాళ్ళ నియమం, కాబట్టి గోవిందు పేరు పక్కకు పోయింది. పటం మాత్రం ఉంది. ఐకోనెస్ సంపుటాలు ఇంటర్నెట్‌లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. తెరిచినప్పుడు కొమ్మ చూసి వదిలేయకండి. వేళ్ళతో సాగదీసి, చుట్టూ ఉన్న చిన్న చిన్న పూల భాగాలు చూడండి.