పెట్టెలో దొరికిన రంగు రీలు

పాత ట్రంకుపెట్టెలు సర్దుతుంటే ఒక్కోసారి కడగని రంగు రీలు దొరుకుతుంది. ఇంట్లోనే కడుగుదామనుకునేవాళ్లు ముందు దానిమీది అక్షరాలు చదవాలి.

కొడాక్ 1942లో కొడాకలర్ తెచ్చింది. 1950ల్లో సీ-22 పద్ధతి వచ్చింది. దాని మందుకు దాదాపు 24 డిగ్రీల వేడి చాలు. 1972లో వచ్చిన సీ-41కైతే 37.8 డిగ్రీలు ఉండాలి, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. వేడి కాస్త అటూఇటూ అయినా రంగు మారుతుంది. సీ-22 రీలును ఆ వేడి మందులో వేస్తే పైపూత ఊడిపోవచ్చు. అందుకే అలాంటివాటిని చల్లటి మందులో నలుపు-తెలుపుగా కడుగుతారు. రంగులు పోయినా ముఖాలు దక్కుతాయి.

మన తమిళనాడులోనే, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు ‘ఇందు’ నలుపు-తెలుపు ఫిలిం చేసేవాళ్లు. అలాంటి ఫిలింలో బొమ్మంటే వెండే. రంగు ఫిలింలో మాత్రం బ్లీచూ ఫిక్సరూ వెండినంతా తీసేస్తాయి. మిగిలేది రంగుల అద్దకమే. అది ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. తాతయ్యల బొమ్మలు నిలిచి, తర్వాతి పెళ్లిళ్ల రంగు ఫొటోలు పాలిపోవడానికి ఇదో కారణం.

కాబట్టి నారింజరంగు నెగటివ్‌లను చెత్తలో వేయొద్దు. తేమ తగలని చల్లటి చోట దాచి, త్వరగా స్కాన్ చేయించుకుందాం.