బేగముగారి బొమ్మమేడ

హైదరాబాదులో కోఠీయందలి పాత రెసిడెన్సీని చూడబోవువారు దాని ముఖమంటపమును, ఆరు కొరింథియను స్తంభములను, మెట్ల కిరువైపులనున్న సింహములను చూచి తృప్తిపడి మరలివత్తురు. ఆ భవనమునకు వెనుక, ఒకప్పుడు జనానాతోట యైన చోట, మనిషి తలయెత్తునకైన రాని మరియొక రెసిడెన్సీ యున్నది. అదే ముఖము, అదే మంటపము. కాని దానిలో నెవ్వరును కాపురముండలేరు; ఎండకును వానకును తలదాచుకొనలేరు.

ఇట్టి కట్టడములకు ఇంగ్లీషువారు 'ఫాలీ' యని పేరు పెట్టిరి. ఆ మాటకు తెలివితక్కువతనమని యర్థము. పదునెనిమిదవ శతాబ్దమున ఆ దేశపు జమీందారులు తమ పల్లెటూరి తోటలలో పూజలేని గుడులను, కావలిలేని బురుజులను, క్రొత్తగా కట్టిన పాత శిథిలములను వేడుకకొరకు నిలిపిరి. మన కావ్యములలో నిట్టివానికి నిందతో కూడిన పేరు లేదు. మేఘసందేశమునందలి యక్షుని యింటితోటలో అరటిచెట్లు చుట్టిన క్రీడాశైలమున్నది. అదియు నుపయోగము లేని కట్టడమే. కాని యక్షుడు తన యిల్లాలి కిష్టమైనదని దానిని తలచుకొని కుమిలినాడు. మన బొమ్మమేడ యీ రెంటిలో దేని జాతికి చెందును?

కట్టించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసున పుట్టినవాడు. 1798 మొదలు 1805 వరకు నిజాము దర్బారున కుంపిణీ రెసిడెంటు. నిజాము కొలువులోని ఫ్రెంచి దళమును 1798లో రద్దుచేయించి, ఆ రాజ్యమును కుంపిణీ పట్టులోనికి తెచ్చినవాడు. నిజాము ఇతనికి హష్మత్ జంగు బిరుద మిచ్చెను. ఇతడే బాఖరలీఖాను మనుమరాలు ఖైరున్నీసాను ప్రేమించి, ఇంచుమించు 1800 ప్రాంతమున, మహమ్మదీయ పద్ధతిని పెండ్లాడినాడు. కుంపిణీ అధికారులు దీనిపై విచారణలు జరిపిరి. ఉద్యోగము పోవు స్థితి వచ్చినను అతడామెను విడువలేదు.

మూసీ ఉత్తరపుటొడ్డున భవనమునకు స్థలమడిగినప్పటి ముచ్చట యొకటి మాల్కము దొర చెప్పినది కలదు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితముపై స్థలపు పటము గీయించి నిజామునకు చూపగా, ఆయన చూచి వల్లకాదనెను. తరువాత మంత్రి మీర్ ఆలము మర్మము విప్పినాడట: ప్రభువు తన రాజ్యపటమును కూడ అంత పెద్దదిగా చూచి యెరుగడు, అంత భూమి పరదేశి కెట్లిచ్చును? అదే పటమును చిన్న చీటిపై గీసి చూపగా వెంటనే యనుమతి దొరికినదట. భూమి అంగుళమైన తగ్గలేదు, కాగితమే తగ్గినది!

1803లో పని మొదలైనది. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్ రూపురేఖలు గీసెను. పదునారవ శతాబ్దపు ఇటలీ శిల్పి పలాడియో చూపిన మార్గమది: నడుమ ఎత్తయిన స్తంభమంటపము, దానిపై ముక్కోణపు శిఖరము, ఇరుప్రక్కల సమముగా సాగు రెక్కలు, లోపల రెండంతస్తుల యెత్తున దర్బారుశాల. వాషింగ్టనులోని అధ్యక్షభవనమునకు కాపురము వచ్చి అప్పటికి మూడేండ్లే. సొమ్ము మాత్రము నిజాముది, అనగా రైతులది. ముఖము ఉత్తరమునకు. వచ్చువారు, పోవువారు, సిపాయిలు, సలాములు అన్నియు నటువైపే. బేగముగారి రంగమహలు వెనుకవైపు. గోషాలోని స్త్రీ ముంగిలికి వచ్చి తన భర్త కట్టించు ఇంటి ముఖమును చూచుటకు వీలులేదు. అందుకని ఆమె తోటలోనే దాని ప్రతిరూపమును నిలిపెనని జనశ్రుతి. కొందరది శిల్పి నమూనా యందురు. నమూనాయే యైనచో పని జరుగు చోట నుండవలె గాని ఆడువారి తోటలో నేల? నాకు జనశ్రుతియే నమ్మదగినదిగా తోచుచున్నది.

ఇది తెలిసినప్పుడు నాకు గోషాపై కోపము వచ్చినది. తరువాత మా బెల్లంపల్లి గుర్తునకు వచ్చినది. కొన్నియేండ్ల క్రిందట మా బడి ప్రదర్శనకు ఒక బాలుడు మట్టితోను అట్టముక్కలతోను బొగ్గుబాయి చేసి తెచ్చెను. లోనికి దిగు దారి, టబ్బులు, గోడలలో బొగ్గు, పుల్లలతో చేసిన మనుషులు. వాని తల్లి చాలసేపు దానిముందు కూర్చుండి, "మీ నాయిన నిలబడేది యేడరా?" యని యడిగినది. ఇరువదియేండ్ల కాపురమున ఆమె భర్త పనిచేయు చోటును చూచుట అదియే మొదలు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయరాదని విధించెను. 2019లో గాని సడలింపు రాలేదు. ఆ తల్లి చూపు గుర్తున్నంతకాలము బొమ్మమేడను తెలివితక్కువ యని నేననలేను. అట్లని ప్రేమచిహ్నమని పొగడుటకును నోరు రాదు. ముంగిలి చూపలేని చోట బొమ్మను చూపిరి.

పెద్దమేడ పూర్తియగుట కిర్క్‌పాట్రిక్ చూడలేదు. 1805లో కొడుకును కూతురును చదువునకై ఇంగ్లండుకు పంపిరి. పిల్లకు మూడేండ్లు. ఆ యక్టోబరులోనే కలకత్తాలో తండ్రి మరణించెను. ఖైరున్నీసా బిడ్డలను మరల చూడకయే 1813లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, కన్నుమూసినది. 1857 జూలైలో తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను రెసిడెన్సీపై దాడిచేసిరి. కొన్నియేండ్లకు రంగమహలును పడగొట్టిరి. బొమ్మమేడ మాత్రము మిగిలినది. చెట్టు కూలి ఒక ప్రక్క నలిగి, చాలకాలము పొదలలో పడియుండి, మరమ్మతు పొందినది.

1949లో రెసిడెన్సీ ఆడుపిల్లల కళాశాల యయ్యెను. నేడది విశ్వవిద్యాలయము, పాలకుర్తిలో తన పంటకొరకు దేశముఖు నెదిరించిన చాకలి ఐలమ్మ పేర నున్నది. మా ఊరి గనికార్మికుని కూతురు, నా పాత శిష్యురాలు, అక్కడ చదువుచుండగా నేనొకసారి పోయితిని. బొమ్మమేడ చూపుమంటిని. ఆమె దారి తెలియక ఇద్దరిని అడిగి, తోట చుట్టి, తీసికొనిపోయి, వంగి దాని కిటికీలలోనికి చూచినది.

"రోజూ ముందటి మెట్లకాడికెల్లే పోతం సార్," అన్నది, "యెనుకకు యెన్నడూ రాలే."