రొయ్య ఒంట్లో కబురు: ప్రళయకావేరి ఒడ్డు నుంచి ఒక సింహావలోకనం

పడమట తిరుత్తణి, తూర్పున పులికాటు. నడుమ సాగే తిరువళ్లూరు జిల్లాలో తెలుగూ తమిళమూ పక్కపక్కనే బతుకుతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వీడి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన పులికాటు సరస్సు మాత్రం రెండు రాష్ట్రాల నడుమ పరుచుకునే ఉంది. డచ్చివారు 1613లో ఆ ఒడ్డున గెల్డ్రియా కోట కట్టారు, తర్వాత వెళ్లిపోయారు. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్ల ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి సముద్రం చేరడం మాత్రం ఆగలేదు. జాలర్లు వలచోట్లను ‘పాడు’ కట్టుబాటు ప్రకారం వంతులవారీగా పంచుకునేవారు. ఆ రోజుల్లో రొయ్యకు జబ్బేమిటని ఎవరైనా అడిగితే నవ్వేవారేమో.

రొయ్యను చెరువులో కిక్కిరిసేలా పెంచడం మొదలయ్యాకే ఆ ప్రశ్నకు బరువు వచ్చింది. 1987లో మద్రాసులో ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ ‘సీబా’ వెలిసింది. నెల్లూరు నుంచి దక్షిణానికి టైగర్ రొయ్య చెరువులు విస్తరించాయి. 1994 చివర తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు దిగింది. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగలడం, రొయ్య గట్టు పట్టడం, పెంకు మీద మచ్చలు, వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. రైతు మందడిగాడు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. రొయ్యకు మనలా ప్రతిరక్షకాలు లేవు గనుక మామూలు టీకా దారీ లేదు.

మరి ఆ జీవి కోట్ల ఏళ్లు ఎలా బతికింది? దీనికి జవాబు వెతకడం చాలాముందే, చాలా దూరాన మొదలైంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చాడు. తెల్లారేసరికి సంచార కణాలు ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. కాపలాదారులు ఉన్నారని తేలింది, వాళ్లకు కబురెవరు పంపారన్నది తేలలేదు. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ రాచపీత రక్తం బాక్టీరియా తగలగానే గడ్డకడుతుందని చూపాడు. స్వీడన్‌లోని ఉప్సాలాలో కెన్నెత్ సోదర్‌హాల్ బృందం మంచినీటి క్రేఫిష్ మీద పనిచేసి, శిలీంధ్రపు గోడ తునక తగిలితే ఎంజైములు ఒకదాన్నొకటి లేపుకుంటూ చివరకు నల్లని మెలనిన్ పూత వేస్తాయని వివరించింది.

ఇక 1996. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో హాఫ్‌మన్ ప్రయోగశాల, పండుఈగలో ‘టోల్’ అనే ప్రొటీన్ లేకపోతే బూజు సోకి ఈగ చచ్చిపోతుందని నిరూపించింది. (రహదారి మీది టోల్‌గేటుకూ దీనికీ చుట్టరికం లేదు. అది ‘భలే’ అని అర్థమిచ్చే జర్మన్ మాట.) కణం పైపొర మీద టోల్ కబురందుకుంటుంది, లోపల మైడి88 అనే ప్రొటీన్ దాన్ని చేతులు మారుస్తుంది, డోర్సల్ అనే మరో ప్రొటీన్ కేంద్రకంలోకి దూరి సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లను తయారు చేయిస్తుంది. అదే సంవత్సరం డిసెంబరు 11న, గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పులికాటు, చిలికా సరస్సుల చుట్టూ 1000 మీటర్లలోపు రొయ్యల సాగు కూడదంది. ఒకవైపు సరస్సు చుట్టూ గీత, మరోవైపు రొయ్య లోపలికి దారి. ఈ రెండూ ఒకే ఏట దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2007లో వనామీ అనే విదేశీ రకం రొయ్యలోనూ టోల్ బయటపడింది. అదే ఏడు చేదు నిజమూ తెలిసింది. తెల్లమచ్చ వైరస్ తన తొలి జన్యువును మేల్కొలపడానికి రొయ్య సొంత కబురుమోత ప్రొటీన్ ‘స్టాట్’నే వాడుకుంటుంది. కావలివాడి కేక విని లేచే దొంగ! రక్షణను పెంచితే చాలనుకున్నవారి లెక్కలు దాంతో తారుమారయ్యాయి.

2009లో మన దేశంలో వనామీ సాగుకు అనుమతి వచ్చాక దారి మారింది. వ్యాధిరహిత తల్లిరొయ్యలను చెన్నై దగ్గర నీలాంగరైలో క్వారంటైన్ చేసి, ఆ తర్వాతే హేచరీలకు పంపారు. రోగాన్ని ఎదిరించడం కన్నా రానీయకపోవడమే మేలన్నది ఇక్కడి ఎంపిక. 2019లో వనామీ జన్యుపటం వెలువడింది, తర్వాత మన తెల్లరొయ్యది సీబా వారే ప్రచురించారు. ఇవాళ రైతు మేతలో బీటా గ్లూకాన్ పొడి కలుపుతాడు. అది ఈస్టు గోడ నుంచి తీసింది. శత్రువు రాకముందే వచ్చాడని రొయ్యకు ఉత్తుత్తి కబురు చెప్పడమన్నమాట. పొడి డబ్బా మీద టోల్ పేరు ఉన్నా లేకున్నా, పొద్దున్నే అతను చూసేది చెక్ ట్రేలో మిగిలిన మేతనే.