దేహరక్షణ ధర్మసాధనమే: నల్లమల సీమలో గృహవైద్యం

నంద్యాలకు తూర్పున నల్లమల పాదాన మహానంది, ఆళ్లగడ్డకు తూర్పున అదే కొండలలో అహోబిలం వెలసి ఉన్నాయి. ఒకటి శైవక్షేత్రం, మరొకటి 108 దివ్యదేశాలలో ఒకటైన నారసింహక్షేత్రం. అహోబిలంలోని జ్వాలానృసింహ సన్నిధికి నేటికీ కొండదారిన నడిచే వెళ్లాలి. అట్టి దారిలో జలుబు, అజీర్ణం, దాహం, కాళ్లనొప్పి వంటి చిన్న బాధలకు తొలి వైద్యుడు యాత్రికుడే.

ఈ స్వయంరక్షణకు శాస్త్రాధారం ప్రాచీనమైనది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయ సూత్రస్థానంలో రోగచికిత్సకు ఎంతో ముందే 2వ అధ్యాయంలో దినచర్యను, 3వ అధ్యాయంలో ఋతుచర్యను, 4వ అధ్యాయంలో రోగాలు పుట్టకుండా చూసుకొనే విధానాన్ని నిరూపించాడు. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దాహం, నిద్ర మొదలైన 13 శరీరవేగాలను అణచరాదని చరకసంహిత శాసించింది. లోభం, శోకం, భయం, క్రోధం వంటి మనోవేగాలను మాత్రం అణచి తీరాలని అక్కడే చెప్పింది. సాధకుడు ఈ భేదాన్ని గుర్తించాలి. దేహాన్ని పీడించడం తపస్సు కాదు. కుమారసంభవంలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు ఘోరతపస్సులో ఉన్న పార్వతికి శరీరమే ధర్మానికి తొలి సాధనమని గుర్తుచేస్తాడు.

తెలుగునేలపై వెలసిన బసవరాజీయం సంస్కృతంతో పాటు తెలుగునూ చేర్చుకొన్న వైద్యగ్రంథం. అందులో నాడీపరీక్ష ఉంది, పాదరసగంధకాలు చేరిన రసౌషధాలూ ఉన్నాయి. అవి వైద్యుని చేతిలో ఉండవలసినవి. గృహిణి చేతిలోనివి వేరు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిస్తే త్రికటుకం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫల. గొంతునొప్పికి గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత, అజీర్ణానికి లఘుభోజనం, చిటికెడు వాము, ఎండకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పెద్దల వాడుక. విరేచనాలైనప్పుడు నేటి ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిపై చెప్పిన కొలత నీటిలో కలిపి తాగడమూ ఈ గృహవైద్యంలో చేరవలసినదే.

మహానంది కోనేటిలో అడుగున పడిన నాణెం కూడా కనిపిస్తుంది. అంతటి నిర్మలజలం అన్నిచోట్లా దొరకదు. అందుకే పూర్వులు చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురదనీటిని తేర్చుకొనేవారు. సంస్కృతంలో దీనిని కతకమంటారు. కతకఫలం నీటిని తేర్చగలదు గాని దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి 6వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆరోగ్యసూత్రాలను వల్లించి ఆచరించనివారికి ఇదే సమాధానం. ఆత్మబోధలో శంకరభగవత్పాదులు మరొక అర్థం చూపారు: కతకరేణువు మలినాన్ని అణచి తానూ అణగిపోయినట్లు, జ్ఞానం అజ్ఞానాన్ని తొలగించి తానూ ఉపశమిస్తుంది. ఔషధమూ అట్టిదే. పని ముగిశాక దానిని విడువాలి, నిత్యాహారంగా చేసుకోరాదు.

అయితే తేరిన నీరంతా శుద్ధజలం కాదు. కంటికి కనిపించని క్రిములు నశించాలంటే కాచి చల్లార్చాలి. అట్లే తగ్గినట్లు కనిపించిన బాధ అంతా తగ్గినట్లు కాదు. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకున్నా, ఎదలో నొప్పి వచ్చినా, రక్తం పడినా, పసిబిడ్డ మగతగా పడి ఉన్నా గృహవైద్యం అక్కడితో ఆగాలి. పాముకాటుకు ఇంటిమందు లేదు. తక్షణం ఆసుపత్రికి చేర్చడమే కర్తవ్యం. వ్యాధులను సుసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించిన వాగ్భటుని ఆంతర్యం కూడా హద్దు తెలుసుకోవడమే.

ఆ మహావైద్యుడు తన గ్రంథారంభంలో రాగాది రోగాలను నశింపజేసే అపూర్వవైద్యునికి నమస్కరించాడు. దేహానికి పథ్యం, మనస్సుకు నిగ్రహం, వైద్యునిపై విశ్వాసం, భగవంతునిపై భక్తి: వీటిలో ఏ ఒక్కటీ మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. నాలుగూ కలిసినప్పుడే ఆరోగ్యం ధర్మసాధనమౌతుంది.

స్వస్తి.