బిషప్పు అనగా ఎవరు?



బిషప్పుగారు గ్రామమునకు వచ్చుచున్నారని తెలిసిన యెడల మనము తోరణములు కట్టుదుము, డప్పులు వాయింతుము, పూలదండలు వేయుదుము. అది ప్రేమతో చేయు మర్యాదయే. అయినను ఆ పేరునకు అర్థమేమని ఎవరైన అడిగిన మనలో అనేకులు తడబడుదురు. దాని నెరుగుట సంఘమునకు మేలు.

ఈ మాట ఇంగ్లీషువారి ద్వారా మనకు వచ్చినది గాని దాని పుట్టుక గ్రీకు భాషలో నున్నది. 'ఎపి' అనగా పైన, 'స్కొపొస్' అనగా చూచువాడు. 'ఎపిస్కొపొస్' అనగా పైనుండి కనిపెట్టి చూచువాడు. నోట నోట నలిగి అదే బిషప్పు ఆయెను. మొదట ఇది సంఘపు మాట కాదు. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దములో ఏథెన్సువారు తమకు లోబడిన పట్టణములను చూచుటకు పంపిన అధికారులకు ఈ పేరుండెను.

మన తెలుగు బైబిలులో ఈ మాటకు 'అధ్యక్షుడు' అని యున్నది. ఇది తగిన మాట. 'అధి' అనగా పైన, 'అక్షము' అనగా కన్ను. కౌటిల్యుని అర్థశాస్త్రములో వ్యవసాయమునకు ఒక అధ్యక్షుడును పశువులకు ఒక అధ్యక్షుడును కలరు. మందలోని పశువుల లెక్క చూచుట ఆ రెండవవాని పని.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము తెరచి చూడుడి. పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతుకు పిలిపించెను. 17వ వచనములో పెద్దలనబడిన వారినే 28వ వచనములో అధ్యక్షులని పిలిచెను. తరువాత 2వ శతాబ్దారంభమున అంతియొకయ ఇగ్నేషియసు వ్రాసిన పత్రికలలో, ఒక సంఘమునకు ఒక బిషప్పు, ఆయనతో పెద్దలు, పరిచారకులు కనబడుచున్నారు. ఏర్పాటు మారినను మాట యొక్క అర్థము మారలేదు.

ఇంకొక సంగతి. మత్తయి 25వ అధ్యాయములో రోగిని చూడవచ్చుటను గూర్చియు, యాకోబు 1వ అధ్యాయములో దిక్కులేని పిల్లలను విధవరాండ్రను పరామర్శించుటను గూర్చియు వ్రాయబడిన గ్రీకు మాటలు ఈ మూలమునుండి వచ్చినవే. కావున బిషప్పు అనగా జనులు తనవైపు చూచుటకు నిలువబడినవాడు కాడు. జనులను చూచుటకు నియమింపబడినవాడు.

మన తెలుగు దేశములో దీనికి దృష్టాంతము కలదు. తిరునెల్వేలి ప్రాంతమునుండి వచ్చిన వి. ఎస్. అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిమీద పల్లెపల్లె తిరిగి, మాలమాదిగ పేటలలోని విశ్వాసులను చూచుచు, 1945 జనవరి 1న మరణించువరకు ఆ సేవలోనే యుండిరి.

ఒక హెచ్చరికయు కలదు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయములో యూదా పోగొట్టుకొనిన ఉద్యోగమునకును గ్రీకులో ఈ మూలపు మాటయే వాడబడినది. పేరు గలిగియుండుట చాలదు. మొదటి పేతురు 2వ అధ్యాయము ప్రకారము మన ఆత్మలకు నిజమైన అధ్యక్షుడు క్రీస్తే. తక్కినవారందరు ఆయన క్రింద కావలివారు.

కాబట్టి సంఘపెద్దలారా, ఈసారి బిషప్పుగారు వచ్చినప్పుడు దండ వేయుడి, తప్పులేదు. దండ వేసిన తరువాత మంచము పట్టిన ముసలమ్మ యింటికి ఆయనను తీసికొనిపోవుడి. ఆయన రానిదినములలో ఆ యింటికి మీరే పోవుడి. మిమ్మును కూడ పౌలు అధ్యక్షులని పిలిచెను గదా!