హుస్క్‌వార్నాను వదలని పొడి

1918. స్వీడన్‌లో తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు హుస్క్‌వార్నా. స్పానిష్ ఫ్లూ ఇల్లిల్లూ చుట్టేసింది. జ్వరంతో కాలిపోతున్న కార్మికులకు డాక్టర్ యోర్టన్ ఒక పొడి రాసిచ్చాడు. అందులో మూడు మందులు: ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్. జ్వరం దిగింది, నొప్పులు తగ్గాయి, ఒంట్లోకి హుషారొచ్చింది.

ఫ్లూ పోయింది. పొడి మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

యంత్రాల హోరుకు తల దిమ్మెక్కితే ఒక పొట్లం. చెయ్యి మందగిస్తే ఇంకొకటి. అది పడితేనే పని సాగుతుందని కార్మికుల నమ్మకం. పుట్టినరోజుకి పొట్లాలు కానుకగా ఇచ్చుకునేవారట. రోజూ వేసుకునేవాళ్లు ఒక్కరోజు మానితే తల పగిలిపోయేది. మళ్లీ అదే పొడి.

దశాబ్దాలు గడిచాక ఆ ఊళ్లో కిడ్నీలు చెడి మనుషులు చనిపోసాగారు. కుర్ట్ గ్రిమ్‌లుండ్ అనే వైద్యుడు ఆరా తీస్తే, దారులన్నీ ఆ పొట్లం దగ్గరికే చేరాయి. 1961లో స్వీడన్ ఫెనాసెటిన్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. గ్రిమ్‌లుండ్ పరిశీలన 1963లో అచ్చయింది. మన దేశం 1983లో ఫెనాసెటిన్‌ను నిషేధించింది.

ఆ పొడిలో అసలు ప్రమాదం కెఫీన్, ఫెనాసెటిన్ జంటలో ఉంది. కెఫీన్ అలవాటు చేసింది. మానితే వచ్చే తలనొప్పితో మళ్లీ రప్పించింది. రప్పించిన ప్రతిసారీ ఫెనాసెటిన్ కిడ్నీలను కొంచెం కొంచెంగా కొరికింది.

ఫెనాసెటిన్ పోయినా జంట మందులు పోలేదు. "అన్నా, తలనొప్పి బిళ్ల ఒకటివ్వు" అని కిరాణా కొట్లో అడిగి తీసుకునే బిళ్లలో పారాసిటమాల్, కెఫీన్ కలిసి ఉండొచ్చు. జలుబు బిళ్లలో, ఒళ్లునొప్పుల బిళ్లలో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు. మూడూ వేసుకుంటే ఒకే మందు మూడుసార్లు పడ్డట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు. దాటితే లివర్ దెబ్బతినొచ్చు. మద్యం తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు హద్దు ఇంకా తక్కువ.

ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ ఉన్న బిళ్లలైతే కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగనిదే ముట్టుకోకూడదు.

బిళ్ల పేరు చూసి ఊరుకోకండి, స్ట్రిప్పు వెనక ఏయే మందులు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చదవండి. జంట బిళ్ల నెలలో 10 రోజులు, ఆపైన వాడుతూ పోతే ఆ బిళ్లే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. మీ వాడకం అక్కడికొచ్చిందంటే ఇంకో స్ట్రిప్పు కొనకండి. ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.