నలుపు తెలుపుల పాఠపరిష్కరణ: దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు, డిజిటల్ ముద్రణ

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు కవి పాఠమేదో, లేఖకుని పొరపాటేదో వేరుచేసి చూస్తాడు. పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో నమోదు చేస్తాడు. చరిత్రకు ఆధారంగా వాడే పాత ఛాయాచిత్రాల విషయంలో ఇంతటి జాగ్రత్త అరుదు. డిజిటల్ ముద్రణలో యంత్రం, సిరా, కాగితం కలిసి చేసే మార్పులను కొలిచి సరిదిద్దే ప్రక్రియను లీనియరైజేషన్ అంటారు. దీనిని ‘రేఖీకరణ’ అనవచ్చు. రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లను ఉదాహరణగా తీసుకొని, ఈ ప్రక్రియ ప్రయోజనాన్నీ పరిమితినీ పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. గాజు ఫలకం, తెల్లసొన కాగితం

మీరట్ సమీపంలోని సర్ధనలో 1844లో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు. ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీలో కృషి చేశారు. అనంతరం సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. 1905లో మరణించారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. దర్బారులు, రాజభవనాలతో పాటు కరువు సహాయక పనుల్లోని జనాన్ని కూడా ఆ స్టూడియో చిత్రించింది.

ఆ కాలంలో విస్తృతంగా వాడినది గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బ్యుమెన్ కాగితం. నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచితే అది దానంతటదే నల్లబడుతుంది. ముందుగా నల్లబడిన భాగాలు తర్వాత పడే వెలుగును కొంత అడ్డుకుంటాయి. అందువల్ల నీడల్లోని వివరం పూర్తిగా మునిగిపోదు. ఈ గుణానికి తగినట్టుగా నెగెటివ్‌లను గాఢంగా తయారుచేసేవారు. అదే నెగెటివ్‌ను తర్వాతి కాలపు సాధారణ వెండి కాగితంపై ముద్రిస్తే నీడలు మసిగానూ, వెలుగులు ఖాళీగానూ మిగులుతాయి. కనుక గాజు ఫలకంలో ఉన్నది సగం పాఠమే. తక్కిన సగం కాగితంలో ఉంది.

3. రేఖీకరణ విధానం

వెలుగుకూ, ఫలకంపై ఏర్పడే నలుపు సాంద్రతకూ గల సంబంధాన్ని హర్టర్, డ్రిఫీల్డ్ 1890లో వక్రరేఖగా గీసి చూపారు. ఆ రేఖ నడుమ దాదాపు నిటారుగా సాగి, రెండు చివరలా వంగుతుంది. నేటి ఇంక్‌జెట్ ప్రింటరుకూ తనదైన వంపు ఉంది. సగం బూడిదరంగు కోరితే, సిరా కాగితంలో వ్యాపించి అంతకంటే ముదురుగా పడవచ్చు.

దీన్ని సరిదిద్దడానికి తెలుపు నుంచి నలుపు వరకు 21 లేదా 51 మెట్లు గల పట్టీని ముద్రిస్తారు. సిరా ఆరిన తరువాత స్పెక్ట్రోఫొటోమీటరుతో ఒక్కొక్క మెట్టును కొలుస్తారు. మనిషి కంటికి మెట్ల మధ్య అంతరం సమానంగా తోచేలా, సీఐఈ 1976లో నిర్ణయించిన ప్రకాశమానాన్ని అనుసరించి సవరణ రేఖను రూపొందిస్తారు. కాగితం మారినా, సిరా మారినా ఈ పని మళ్లీ చేయవలసిందే.

1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం ప్రమాణాలు ఒక పరికరపు రంగును మరొక పరికరానికి అనువదిస్తాయి. అయితే రంగు సిరాలు కలిపి సాధించిన బూడిదరంగు, దీపం మారితే ఆకుపచ్చగానో ఎరుపుగానో కనిపించవచ్చు. అందుకే నలుపు తెలుపు ముద్రణకు వేర్వేరు గాఢతలున్న బూడిద సిరాలను వాడతారు.

4. పరిమితి

రేఖీకరణ యంత్రపు దోషాన్ని తొలగిస్తుంది కానీ ఆల్బ్యుమెన్ కాగితపు గుణాన్ని తిరిగి తేలేదు. అందుకు రెండవ సవరణ అవసరం. లభ్యమైన మూల ముద్రణతో పోల్చి ఆ కాగితపు వంపును విడిగా కల్పించాలి. మొదటిది కొలత, రెండవది సంపాదకుని నిర్ణయం. ఈ రెండింటినీ కలిపివేస్తే ఏది ఆధారమో, ఏది ఊహో తెలియకుండా పోతుంది.

మరొక హద్దు ఫలకంలోనే ఉంది. నాటి సాధారణ ఫలకాలు ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి. అందువల్ల చామనఛాయ దేహాలు కంటికి కనిపించే దానికంటే నల్లగా నమోదయ్యాయి. కరువు పనుల్లోని కూలి ముఖం పాఠ్యపుస్తకంలో నల్లని మచ్చగా మిగిలితే, అందులో ఫలకం వంతు ఎంత, అజాగ్రత్త ముద్రణ వంతు ఎంత అని ప్రశ్నించాలి. రెండవదాన్ని తొలగించవచ్చు. మొదటిదాన్ని సవరించి ముఖాన్ని వెలిగిస్తే అది పరిష్కరణ కాదు, పునర్లేఖనం.

5. ముగింపు

ముద్రించిన ప్రతి చారిత్రక చిత్రం పక్కన మూలం, కాగితం, వాడిన సవరణ రేఖ, పోల్చిన ప్రతి నమోదు కావాలి. మెదక్ జిల్లా ఎల్దుర్తి వంటి ఊళ్లలో ఇళ్ల గోడలపై వెలిసిపోతున్న కుటుంబ చిత్రాలను సేకరించే పరిశోధకునికీ ఇదే నియమం వర్తిస్తుంది. అధోజ్ఞాపిక లేని పరిష్కృత ప్రతిని అంగీకరించని సాహిత్య పరిశోధన, వివరం లేని ఛాయాచిత్రాన్ని ఆధారంగా స్వీకరించడం సమంజసం కాదు.